నాటకం బట్టీ పట్టేదా?

పరీక్షలు దగ్గర పడితే ఏ ఇంట్లో చూసినా ఒకటే గొడవ. గైడు, బట్టీ, ఇంపార్టెంట్ ప్రశ్నలు. లెక్కల సూత్రాలకు ఆ పద్ధతి పనికొస్తుందేమో గానీ, నాటకానికి మాత్రం కుదరదు. మొన్న సెలవుకు ఉదయగిరి వెళ్లినప్పుడు ఆ సంగతి బాగా తెలిసొచ్చింది.

మా అక్క కూతురు తెలుగు పరీక్షకు 'కన్యాశుల్కం' చదువుతోంది. గురజాడ వారి నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది, తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది... అన్నీ గడగడా అప్పజెప్పేసింది. "అగ్నిహోత్రావధాన్లు మీద నీకు కోపం రాలేదా?" అంటే, "అది గైడులో లేదు పిన్నీ" అంది.

దుర్గం కొండ కనిపించే అరుగు మీద కూర్చుని, పాత్రలు పంచుకుని పైకి చదవడం మొదలుపెట్టాం. గిరీశం నేను, వెంకటేశం తను. పరీక్ష తప్పి ఇంట్లో ఎలా చెప్పాలా అని భయపడే ఆ కుర్రాడు దానికి తెగ నచ్చాడు. విజయనగరం మాట మా నెల్లూరు నోట పలికేసరికి, "ఏంది పిన్నీ, అట్టా మాట్లాడతారా?" అని ఒకటే నవ్వు.

రెండో అంకంలో నవ్వు ఆగిపోయింది. పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యం కళ్లెదుటే ఉన్నా, చిన్నపిల్ల సుబ్బిని పద్దెనిమిది వందలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇస్తానంటాడు తండ్రి. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది.

పక్కనే చిక్కుడుకాయలు గిల్లుతున్న మా అమ్మ, "ఆ ఎంకమ్మకుండే తెగువ మా అమ్మకు లేకపాయె" అంది మెల్లగా. ఏడో తరగతి పరీక్షలు రాయకుండానే పెళ్లిపీటలెక్కిన మనిషి.

"నిన్నెవరూ అడగలేదా అమ్మమ్మా?"

"ఆడపిల్లను అడిగేదేంది పాపా!"

విశాఖ జిల్లాలో మూడేళ్లలో ఇలాంటి పెళ్లిళ్లు 1,034 జరిగాయని గురజాడ తొలి కూర్పు ముందుమాటలో లెక్క చెప్పారు. మా అమ్మ పెళ్లిలో శుల్కం లేదు. పిల్లను అడగకపోవడం మాత్రం అదే.

గైడులో జవాబు 'బాల్యవివాహం ఒక సాంఘిక దురాచారం' అని మొదలవుతుంది. తప్పేం కాదు, మార్కులూ పడతాయి. ఆ రాత్రి మా పిల్ల మాత్రం నోటుబుక్కులో 'సుబ్బికి ఇష్టమో కాదో తండ్రి అడగలేదు' అని మొదలుపెట్టింది. గైడు తెరవకుండానే రెండు పేజీలు నింపింది.

మీ ఇంట్లో పిల్లలకు నాటకం పాఠముంటే ఒక సాయంత్రం టీవీ కట్టేయండి. తలా ఒక పాత్ర తీసుకోండి. పెద్దవాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ గైడులోనూ దొరకని జవాబులు వాళ్ల దగ్గరుంటాయి.