ఎడమవైపు కాపలా

2017లో, అమ్మాయిని చూద్దామని నేనూ మా ఆవిడా అమెరికాలోని క్లీవ్‌లాండ్ వెళ్ళాం. ఆదివారం వస్తే చాలు, మా అల్లుడు టెలివిజన్ ముందు తిష్ఠ వేసేవాడు. పేరుకు ఫుట్‌బాలేగాని, కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకు పరుగెత్తేది ఎక్కువ. నా కళ్ళు బంతి వెంటే తిరిగేవి.

"బంతినొదిలెయ్యండి, మామయ్యగారూ! ఆ 73 నంబరు మనిషిని చూడండి," అన్నాడు ఒకనాడు.

ఆయన జో థామస్. బ్రౌన్స్ జట్టు. సుమారు 140 కిలోల మనిషి. బంతి విసిరే క్వార్టర్‌బాక్ ముందు అయిదుగురు గోడ కట్టినట్టు నిలబడతారు. వారిలో ఎడమ కొసన ఈయన. కుడిచేతివాటం వాడు విసరబోయేటప్పుడు వీపు ఎడమవైపుకు తిరుగుతుంది. ఆ వీపును కాయడమే ఈయన ఉద్యోగం. చప్పట్లన్నీ బంతి పట్టినవాడికే. ఎదుటివాణ్ణి అక్రమంగా పట్టుకున్నాడో, ఈయన నంబరు స్టేడియమంతా మారుమోగుతుంది. జట్టు పది గజాలు వెనక్కి పోతుంది.

2007లో చేరింది మొదలు, తన జట్టు బంతి కదిపిన ఏ ఒక్కసారీ ఆయన బయట కూర్చోలేదట. అక్టోబరు 22న, మేం చూస్తూండగానే ఎడమచేతి కండ తెగింది. లెక్క 10,363 దగ్గర ఆగిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర నిట్టూర్చాను. "నా గతీ అంతే. ముప్ఫై ఆరేళ్ళు ఆఫీసులో లెక్కలు రాశాను. బాగుందన్నవాడు లేడు. ఒక్క అంకె తప్పితే మాత్రం మెమో ఇచ్చారు."

మా ఆవిడ వడ్డిస్తూ అంది: "మీరు మాత్రం? నలభై ఏళ్ళుగా వండి పెడుతున్నాను. ఉప్పు తక్కువైన రోజునే కదూ మీరు నోరు విప్పేది!"

అల్లుడు తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

"చారు బ్రహ్మాండంగా ఉంది," అన్నాను కంగారుగా.

"అది చారు కాదు, పులుసు."

ఆ ఏడు జట్టు పదహారు ఆటలూ ఓడింది. 2018లో ఆయన ఆట విరమించాడు. పదకొండేళ్ళలో ఒక్క ప్లేఆఫ్ అయినా ఆడే యోగం పట్టలేదు. అయినా 2023లో, అర్హత వచ్చిన తొలి ఏడే, కాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అల్లుడు ఫోనులో చెప్పగానే మా ఆవిడకు చెప్పాను.

"పోనీలెండి, ఎవరో ఒకరు చూశారన్నమాట," అంది.

ఆ పూట పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. పేరు పెట్టి మరీ అడిగాను.