దూరం జరుగు (మా ఊరి ముచ్చట్లు)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మీ నారాయణఖేడ్ దిక్కు అయిదు భాషలు నడుస్తయట గదా. నాటకం ఏ భాషల వేస్తరు?" దీనికి జవాబు చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలె.

ఇయ్యాల మాది సంగారెడ్డి జిల్లా. 2016 దాకా మెదక్. 1956 నవంబర్ 1కి ముందు నారాయణఖేడ్ హైదరాబాద్ రాష్ట్రంల బీదర్ జిల్లా తాలూకా. భాషల లెక్కన రాష్ట్రాలు పంచినప్పుడు ఆ జిల్లా మూడు దిక్కులకు పోయింది. నారాయణఖేడ్, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌ల కలిసినయి. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయినయి. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. గీత పటం మీద పడ్డది గని మనుషుల నోట్ల పడలే. మా మేనత్తను బీదర్ దిక్కు ఇచ్చిన్రు. ఆమె పిల్లలు నాతోని కన్నడంల కొట్లాడుతరు, నేను తెలుగుల తిడుత. అంగట్ల దక్కనీ, తండాల లంబాడీ, సుట్టాల పెండ్లిళ్లల్ల మరాఠీ. ఇక్కడ మాదిగ, అక్కడ మాంగ్. పేరు మారింది, ఊరి బయట ఉండుడు మారలే.

చిన్నప్పుడు మా వాడకు చిందోళ్లు వచ్చేటోళ్లు. మాదిగవాడ మీద వాళ్లకు మిరాశి హక్కు. రాత్రంత జాంబపురాణం ఆడేటోళ్లు. మన జాంబవంతుడు బాపనాయనతోని వాదం పెట్టుకునే ఆట అది. కథ అందరికీ ఎరికే. కానీ నడుమ బుడ్డర్‌ఖాన్ వేషం వచ్చిందంటే ఆ మాటలు ముందుగాల ఎవ్వలకూ ఎరుక లేదు, ఆడేటోనికి సుత. సగం ఉర్దూ, సగం తెలుగు. ఆ ఏడు ఊర్ల ఏం జరిగిందో, ఎవ్వలు ఎవ్వల భూమి తిన్నరో అన్నీ ఆ నోట్లకెల్లి వచ్చేటియి. నిజాం కాలంల ఉర్దూ అంటే కచేరీ భాష, సర్కారు భాష. ఆ భాషను వంకర తిప్పి అంటే మా నాయిన కడుపు పట్టుకొని నవ్వేటోడు. ఆ నవ్వు కిందికెల్లి పైకి పోయేది.

మరాఠీ తమాషాల సుత ఇదే పని ఉంటది. బతావణి అంటే అప్పటికప్పుడు పుట్టే మాటల పోటీ, సోంగాడ్యా అంటే నవ్విచ్చేటోడు. మాంగ్ కులంల పుట్టిన అణ్ణాభావు సాఠే 1944ల లాల్ బావటా కళాపథకం పెట్టి ఆ తమాషానే కూలోళ్ల ఆట చేసిండు.

ఇగ నా తప్పు. కొన్నేండ్ల కింద పదిమంది పిల్లగాండ్లం కలిసి ఊరూర ఆట మొదలుపెట్టినం. స్క్రిప్ట్ లేదు. ఒక బోరు, బిందె పట్టుకొని వచ్చేటోళ్లు, అడ్డం నిలబడే ఆసామి. గంతే అనుకున్నం. మిగిలింది ఊరోళ్ల ముంగట పుట్టాలె. ఒక రాత్రి తండా పక్కన ఆడినం. నేను లంబాడీ ముసలమ్మ వేషం కట్టిన. కొంగు కప్పుకొని వచ్చీరాని తెలుగు మాట్లాడిన. మావోళ్లు ఈలలు కొట్టిన్రు. బాగా పండిందనుకున్న.

ఆట అయినంక డిగ్రీ చదివే తండా అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా యాడి అట్ల మాట్లాడదు. ఆమె భాషల ఆమె మస్తు మాట్లాడుతది. అది మీకు రాదు, అంతే."

ఇంటికొచ్చినా నిద్ర పట్టలే. హైదరాబాద్‌ల హాస్టల్ల నా తెలుగు విని నవ్వినోళ్లు యాదికొచ్చిన్రు. మెస్సుల లైన్ల నిలబడి మాట్లాడుడే బంద్ చేసిన రోజులు యాదికొచ్చినయి. బుడ్డర్‌ఖాన్ పెద్దోని భాషను నవ్విండు. నేను పేదోని నోరును నవ్విన. రెండూ భాషలు కలిపిన ఆటలే. కానీ ఒకటి తిరుగుబాటు, ఇంకోటి ఎక్కిరిచ్చుడు.

తెల్లారి అందరం కూసోని ఒక్కటే నియమం పెట్టుకున్నం: ఎవ్వల భాష వాళ్లే మాట్లాడాలె, ఇంకొకరి నోరు మనం కట్టుకోవద్దు. ఆ అమ్మాయినే రమ్మన్నం. బ్రెజిల్ దేశం ఆగస్టో బోల్ నాటకంల చూసేటోళ్లను ఆటలకు పిలిచిండని చదివిన. మేమూ పిలిచినం.

సరిహద్దు ఊర్ల ఒక రాత్రి ఆసామి వేషంల ఉన్న పిల్లగాడు చెయ్యి అడ్డం పెట్టిండు. నేను ఊరోళ్లను అడిగిన, "మిమ్ముల ఇట్ల ఆపినప్పుడు ఏమన్నరు?"

"దూరం జరుగు అన్నరు" అన్నది మా వాడ అవ్వ ఒకామె. వెనకకెల్లి కన్నడం మాట్లాడే తాత లేసిండు, "దూర నిల్లు." మరాఠీ కోడలు తల వంచుకొనే అన్నది, "దూర్ హో." పండ్ల బండి సాయిబు, "దూర్ హటో."

ఎవ్వలూ అనువాదం చెయ్యలే. నీళ్లను నీళ్లు, నీరు, పాణీ, పానీ అని తీరొక్క తీరుగ అంటం. దూరానికి మాత్రం అందరికీ ఒక్కటే మాట. 1927ల మహాడ్ చెరువు కాడ బాబాసాహెబ్ నీళ్లు ముట్టింది ఈ మాట మీదనే.

ఇక్కడ ఆపితే మంచిగ ఉండు. కానీ ఆ రాత్రే ఒక చిందు ముసలాయన నన్ను పక్కకు పిలిచిండు. "బిడ్డా, ఆ మాట మీ వాడల మేం సుత విన్నం" అన్నడు. నాకు నోరు రాలే. 2024ల చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనం పోస్టులు పెట్టినం, గర్వపడ్డం. మన వాడకొచ్చిన చిందోళ్లను ఇంట్లకు పిలిచి పక్కన కూసోబెట్టుకొని అన్నం పెట్టినోళ్లం ఎంతమందిమి?

ఇప్పుడు ఆటల నేను లంబాడీ వేషం కట్ట, ఆసామి వేషం సుత కట్ట. మాదిగోన్నయి మాదిగోన్లెక్కనే నిలబడి, గడప కాడికి వచ్చిన చిందాయనను "దూరం జరుగు" అంట. నా భాషల, మా నాయిన గొంతుల. మొదటిసారి అన్ననాడు మా వాడోళ్లు ఎవ్వలూ నవ్వలే. ఇద్దరు లేసి పోయిన్రు. మా అవ్వ మాత్రం చివరి దాకా కూసున్నది. ఆట అయినంక ఆ ముసలాయనను మా ఇంటికి తోలుకపోయింది.

తమ్ముడూ, మేం నాటకం ఏ భాషల వేస్తమంటే, ఎవ్వలను ఆపిన్రో వాళ్ల భాషల. ఆపినోళ్లం మనమైతే, మన భాషల.

జై భీమ్. మిగిలింది వచ్చే భాగంల.