బండిని దించితే ఏమవుతుంది?

మధురానగర్ అనగానే ఏ బృందావనమో స్ఫురిస్తుంది. తీరా చూస్తే అమీర్‌పేట, యూసుఫ్‌గూడల నడుమ ఒదిగిన కాలనీ. 2019లో మొదలైన మెట్రో రైలు పైన సాఫీగా పోతూంటే, కింద సందుల్లో మనకు స్పీడ్‌బ్రేకర్లే గతి!

అక్కడి మెకానిక్ షెడ్డుకు మా మేనకోడలితో వెళ్లాను. ఆమె యమహా ఆర్15 సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. కాళ్లు సరిగా నేలకు ఆనవు.

"వెనక దించెయ్యన్నా" అంది.

"ఒక్క వెనకే దించితే ముందు ఫోర్కు మరింత ఏటవాలవుతుందమ్మా. తిన్నగా పోతే నిలకడే. మలుపులో హ్యాండిల్ మొండికేస్తుంది. ముందు మాత్రమే దించితే అతి చురుకై, వేగంలో తల ఊపుతుంది."

"రెండూ సమంగా దించితే?"

"వంచినప్పుడు ఫుట్‌రెస్టు తొందరగా నేలను గీస్తుంది. స్పీడ్‌బ్రేకరు బండి పొట్టకు తగులుతుంది. సైడ్‌స్టాండు కురచ చేయించకపోతే బండి నిటారుగా నిలబడి, కాస్త తోస్తే అటు పడుతుంది. ముందు సీటు స్పాంజి పలచన చేయించి చూడు."

అలాగే చేయించాం. ఇప్పుడు రెండు మునికాళ్లూ నేలకు ఆనుతున్నాయి. బండి మలుపుల్లో మునుపటిలాగే మాట వింటోంది. సీటు మాత్రం కొంచెం గట్టిగా ఉందని అమ్మాయి ఫిర్యాదు!