రాయి కంటే ముందు తోలు

క్షవరపు కత్తితో తామే గడ్డం గీసుకోవాలని ముచ్చటపడే కుర్రవాళ్లు ఈ మధ్య మళ్లీ కనబడుతున్నారు. మా కుటుంబంలోనూ ఒకడు తేలాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు. మా నాన్నగారి కత్తి వాడికే ఇచ్చాను. వారం తిరక్కుండా ఫోను చేశాడు.

"పెదనాన్నా, నాలుగు సానరాళ్ల సెట్టు ఒకటి చూశాను. కొనెయ్యనా?"

"రాళ్లు తరువాత చూద్దాం, ముందు తోలు పట్టీ సంగతి చూడు" అన్నాను. వాడికి నచ్చలేదు. పదును పెట్టేది రాయి కదా, తోలు దేనికి అని వాడి సందేహం. వాడికి ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పినదే ఇక్కడ కాస్త సావకాశంగా రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ల కత్తి అటక మీద మిగిలి ఉన్న మన సంఘంలోని ఏ కుటుంబానికైనా ఉపయోగపడవచ్చు.

మా నాన్నగారు ఆ కత్తిని మద్రాసులో మూర్ మార్కెట్లో కొన్నారు, 1985లో కాలిపోయిన ఆ పాత మార్కెట్లో. జర్మనీలో కత్తులకు పేరుపడ్డ జోలింగెన్ ఊరి సరుకు. వెడల్పు 5/8 అంగుళం. ఆయన దాన్ని నలభై ఏళ్లకు పైగా వాడారు, ఆ తరువాత నేను వాడాను. ఇప్పటికీ దాని వెడల్పు ఇంచుమించు అలాగే ఉంది. కారణం ఒక్కటే. దాన్ని రాయి మీద పెట్టింది బహు తక్కువ. రాయి ఉక్కును తింటుంది. వట్టి తోలు దాదాపు తినదు.

గడ్డం గీసేటప్పుడు వాదర ఎందుకు పాడవుతుందో చూద్దాం. వెంట్రుక ఉక్కు కంటే ఎన్నో రెట్లు మెత్తన. అయినా ఉక్కునే చెడగొడుతుంది. అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు దీన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 2020 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. వెంట్రుక వంగి, ఒక కోణంలో తగిలినప్పుడు వాదర చివర సూక్ష్మంగా పెచ్చులు ఊడుతుందట. దీనికి తోడు, వాదర అంచు బహు పలచన గనుక వాడకంలో అక్కడక్కడ పక్కకు ఒరుగుతుంది. అలా ఒరిగిన అంచును మళ్లీ నిటారుగా సర్దేది తోలు పట్టీ. కాబట్టి ఇది రోజూ గీసుకునే ముందు చెయ్యవలసిన పని. రాయి పని నెలల తరబడి రాదు.

పట్టీలలో రెండు రకాలు ముఖ్యం. గోడ కొక్కేనికి తగిలించి లాగి పట్టుకునేది ఒకటి, చెక్కకు అతికించినది ఇంకొకటి. వేలాడే పట్టీని వదులుగా పట్టుకుంటే అది కిందికి జారి వాదర గుండ్రబడుతుంది. చేయి కుదరనివాళ్లకు మొదట చెక్క పట్టీయే సులువు. ఎక్కువ చోటు కూడా అక్కర్లేదు. వెడల్పు మూడంగుళాలు ఉంటే కత్తి మొత్తం ఒకేసారి ఆనుతుంది. రెండున్నర అయితే కత్తిని కొంచెం ఏటవాలుగా జరుపుతూ లాగాలి. అది పది రోజుల్లో అలవాటవుతుంది.

మొదటి పట్టీకి ఎక్కువ డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. నేర్చుకునేవాడి చేతిలో మొదటి పట్టీకి గాట్లు పడడం ఖాయం. విదేశాల్లో గుర్రపు తోలుతో చేసినవి, మెరుగు పెట్టినవి వేల రూపాయలకు అమ్ముతారు. అవి రెండో పట్టీగా కొనుక్కోవచ్చు. మద్రాసులో ఉన్నవాళ్లకైతే పెరియమేడు ఉండనే ఉంది. తోళ్ల వ్యాపారానికి పాత పేట. అక్కడ చెట్టు బెరడుతో శుద్ధి చేసిన ఆవు తోలో, గేదె తోలో కావాలని అడగండి. మందం సమంగా ఉండాలి, ముఖభాగం నున్నగా ఉండాలి, వేలితో నొక్కితే దిండులా లోపలికి పోకూడదు. రంగులద్ది మెరిసే మెత్తటి తోలు హాండ్‌బాగులకు బాగుంటుంది, కత్తికి పనికిరాదు.

బెరడు అన్నాను కదా. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రం నుంచి ఓడల్లో సీమకు వెళ్లిన తోళ్లు ఎక్కువగా ఆవారం బెరడుతో శుద్ధి చేసినవే. ఆవారం అంటే మరేదో కాదు, బతుకమ్మలో పేర్చే మన తంగేడు! ఈ తోళ్ల విద్యను శాస్త్రంగా సాగించడానికి 1948లో అడయారులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఏర్పడింది. దానికి డైరెక్టరుగా ఉండి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చినవారు గుంటూరు జిల్లా నుంచి వచ్చిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారు. ఆయన 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో పోయారు. పట్టీ కథలో ఇది కొంత పక్కదారే, కానీ మద్రాసు తెలుగువాళ్లకు తోలు మాట ఎత్తితే ఆ పేరు తలచుకోకుండా ఉండడం కష్టం.

తోలుకు జతగా గుడ్డ పట్టీ ఒకటి కావాలి. దానికి డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. పాత మంచం నవారు ముక్క ఉతికి, ఆరేసి, బిగించుకుంటే చాలు. ముందు గుడ్డ మీద ఇరవై సార్లు, తరువాత తోలు మీద నలభై యాభై సార్లు.

లాగే పద్ధతిలో ఒక్క నియమం ప్రాణం. వెన్ను ముందు నడవాలి, వాదర వెనుక రావాలి. చివరకు వచ్చాక వెన్ను తోలు మీద ఆనించే ఉంచి, దాని మీదే కత్తిని తిప్పాలి. వాదర మీద తిప్పితే తోలు తెగుతుంది, వాదరా పోతుంది. బరువు వెయ్యకూడదు, తొందరపడకూడదు. మొదటి వారం కత్తి బదులు బ్రెడ్డుకు వెన్న రాసుకునే మొండి కత్తితో సాధన చెయ్యమని మావాడికి చెప్పాను. నవ్వాడు గాని, చేశాడు.

మా నాన్నగారికి చివరి మూడేళ్లూ చేతులు వణికేవి. రోజు విడిచి రోజు నేనే ఆయనకు గడ్డం గీసేవాణ్ణి. కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని, వెనక నేను కత్తిని తోలు మీద లాగుతుంటే చప్పుడు వినేవారు. "ఇంకో పది" అనేవారు. ఒక్కోసారి, "బరువు వేస్తున్నావురా" అనేవారు. చూడకుండానే ఎలా తెలిసేదో అప్పుడు నాకు అంతుపట్టేది కాదు. ఇప్పుడు నాకూ తెలుస్తుంది. సరిగా ఆనిన కత్తి చప్పుడు ఒకే శ్రుతిలో ఉంటుంది, నొక్కితే బొంగురుపోతుంది. ముసలితనంలో చర్మం ముడతలు పడి పలచబడుతుంది. వాదర ఏ కాస్త మొరటుగా ఉన్నా ఆయన మొహం మీద రక్తం చుక్క కనబడేది. అందుకే ఆ రోజుల్లో నేను పట్టీని ఎంత శ్రద్ధగా వాడానో అంత శ్రద్ధగా ఇంకేదీ చెయ్యలేదు.

ఇక రాళ్లు. పట్టీ మీద ఎంత లాగినా వెంట్రుక పీకుతున్నట్టు అనిపిస్తే అప్పుడు రాయి గురించి ఆలోచించాలి. దానికి ముందు ఇంకో మెట్టు ఉంది. ఆకుపచ్చ రంగులో దొరికే క్రోమియం ఆక్సైడ్ ముద్దను వేరే తోలు ముక్కకు పలచగా రాసి, పది సార్లు లాగితే చాలాసార్లు పదును తిరిగి వస్తుంది. రోజూ వాడే పట్టీకి మాత్రం ఇది రాయకండి. అప్పటికీ కుదరకపోతే ఒక పక్క 4000, మరో పక్క 8000 నెంబరు ఉన్న నీళ్ల రాయి ఒక్కటి చాలు. నెంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. 1000 నెంబరు రాయి బాగా మొద్దుబారిన, పెచ్చులూడిన కత్తులకు. ఆ పని తెలిసినవారికి అప్పగించడం మేలు. రాయి మీద తోలుకు సరిగ్గా విరుద్ధం, వాదర ముందు నడవాలి. వెన్ను, వాదర రెండూ రాయికి ఆనే ఉండాలి. కోణం మనం కొలిచి పట్టనక్కర్లేదు, వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది.

వీధిలో చక్రం తిప్పుతూ వచ్చే సానవాళ్లకు మాత్రం ఇవ్వకండి. మా పొరుగాయన ఒకరు ఇచ్చారు. నిప్పురవ్వలు ఎగిశాయి, వాదర నీలంగా మారింది. ఆ వేడికి ఉక్కు మెత్తబడి పదును నిలవడం మానేసింది. సానపట్టినతని పనితనానికి లోటు లేదు, కత్తిపీటలకు అది దివ్యమైన పద్ధతే. క్షవరపు కత్తి వేరే జాతి.

ఇంకో హెచ్చరిక. ఒక కత్తి, ఒక పట్టీ ఒక్క మనిషికే. మన దేశంలో మొదటి హెచ్.ఐ.వి. కేసులు 1986లో మద్రాసులోనే బయటపడ్డాయి. సెలూన్లలో మనిషికో కొత్త బ్లేడు వెయ్యడం ఇప్పుడు మామూలే. హెపటైటిస్ బి కూడా రక్తం అంటిన కత్తితో వస్తుంది. తోలును ఉడకబెట్టలేం కదా. నాన్నగారి పట్టీ నేను వాడుకోలేదు, మావాడికీ ఇవ్వలేదు. కత్తిని మాత్రం శుభ్రం చేయించి, పదును కొత్తగా పెట్టించి ఇచ్చాను.

మద్రాసులో, యానాంలో ఉప్పుగాలి ఉంటుంది. అక్కడివాళ్లు గీసుకున్నాక కత్తిని మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాకే మడవాలి. కొన్నాళ్లు వాడకపోతే కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి పెట్టండి. పట్టీకి నూనె అక్కర్లేదు, అప్పుడప్పుడు అరచేత్తో రుద్దితే చాలు. వానాకాలంలో స్నానాలగదిలో వేలాడదీస్తే బూజు పడుతుంది. గాలి ఆడే చోట, పిల్లలకు అందని ఎత్తులో కొక్కెం కొట్టుకోండి.