చెయ్యి తీస్తే ఎత్తు అయిపోయినట్టే

2003 ఆగస్టులో, నేను ఎమ్మెస్ రెండో ఏడాదిలోకి వచ్చేసరికి, మా యూనివర్సిటీ వాళ్ళు హాస్టల్ నెట్‌వర్క్‌కి తాళం వేసేశారు. వాళ్ళని అనడానికీ లేదు. ఆ జనవరిలో స్లామర్, ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్ములు నెట్‌వర్కుల్ని అతలాకుతలం చేశాయి. సెలవులైపోయి పిల్లలంతా పురుగు పట్టిన కంప్యూటర్లు చంకనేసుకుని తిరిగొస్తున్నారు. దానికి తోడు నెట్‌లో పాటలు పంచుకుంటున్నారని రికార్డింగ్ కంపెనీలు స్టూడెంట్ల మీద కూడా దావాలు వెయ్యడం మొదలెట్టాయి. దాంతో వెబ్ పేజీలకీ, మెయిల్‌కీ, డిపార్ట్‌మెంట్ సర్వర్లకీ తప్ప మిగతా దారులన్నీ మూసేశారు. పక్క గది కుర్రాళ్ళు కౌంటర్‌స్ట్రైక్ పోయిందని సంతాపసభ పెట్టుకున్నారు. నాకు పోయింది చదరంగం. యాహూ గేమ్స్‌లో, అవతల ఒంగోల్లో ఉన్న మా నాన్నతో ఆడే చదరంగం.

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఫోన్లో ఆయన మాట్లాడేది రెండే మాటలు. "ఆఁ, అమ్మకిస్తున్నా." కాలింగ్ కార్డులో ఆవిడెవరో చెప్పే నిమిషాలకీ, నిజంగా వచ్చే నిమిషాలకీ ఎటూ పొంతన ఉండదు కనక నేనూ పట్టుబట్టేవాణ్ణి కాదు. ట్రంకు రోడ్డులో నెట్ సెంటర్ కుర్రాడు ఆయనకొక యాహూ ఐడీ చేసిపెట్టాడు. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆయన అక్కడ కూర్చుంటే, ఇక్కడ నాకు శనివారం రాత్రి పదిన్నర. గంటకి ఇరవై రూపాయలు.

మా ఇంట్లో ఆట పాత పద్ధతి. బంటు ఒక గడే జరుగుతుంది, కోట కట్టడాలవీ లేవు. మొదటి ఆదివారం నేను రాజునీ ఏనుగునీ ఒకేసారి కదిపేసరికి నేనేదో దొంగాట ఆడానని ఆయన ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయారు! నియమాల విషయంలో ఆయన అంతే. చిన్నప్పుడు పావు మీంచి చెయ్యి తీస్తే ఎత్తు అయిపోయినట్టే, ఏడ్చి మొత్తుకున్నా వెనక్కి ఇచ్చేవారు కాదు. బోర్డు పక్కన చాట్ పెట్టె ఉండేది గానీ, ఒంటి వేలితో టైపు చేసే మనిషికి గడియారం నడుస్తుంటే కథలు చెప్పడానికి తీరికెక్కడిది? ఇంగ్లీషు అక్షరాల్లో "తిన్నావా" అనేవారు. "ఊఁ" అనేవాణ్ణి. అంతే.

తాళం పడ్డాక రెండు వారాలకి అమ్మ ఫోన్లో అంది, "మీ నాన్న రెండాదివారాలు వెళ్ళి ఊరికే కూర్చునొచ్చారురా. నీకు పనెక్కువై ఉంటుందిలే అని ఆయనే సర్దిచెప్పుకున్నారు."

ఆ రాత్రే కన్నం వేశాను. యాహూ ఆటలు 11999 అనే పోర్టు మీద నడిచేవి. అది మూసేశారు. డిపార్ట్‌మెంట్ యూనిక్స్ సర్వర్‌కి మాత్రం మా గదుల్లోంచి ఎస్సెస్‌హెచ్ తెరిచే ఉంది, లేకపోతే హోమ్‌వర్కులు చెయ్యలేం కదా. పుట్టీతో ఆ సర్వర్ దాకా ఒక సొరంగం, అక్కణ్ణించి యాహూకి. ఫైర్‌వాల్ కంటికి నేను బుద్ధిగా చదువుకుంటున్నట్టే. కౌంటర్‌స్ట్రైక్ కుర్రాళ్ళు మాకూ చెప్పమని వెంటపడ్డారు గానీ, వాళ్ళ ఆట యూడీపీ మీద నడుస్తుంది, ఈ సొరంగంలో టీసీపీ తప్ప పట్టదు. చదరంగం నిదానపు ఆట కనక గట్టెక్కింది.

ఐదో శనివారం తర్వాత దొరికిపోయాను. ప్రతి వారం అదే వేళకి సర్వర్ ఆటలాడుతుంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు? సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పిలిపించి లాగ్ కాగితాలు ముందు పెట్టాడు. అవతల ఉన్నది మా నాన్న అని చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఊరుకుని, "నీకు వదిలేస్తే రేపు రెండొందలమందికి వదలాలి" అన్నాడు. టీయే ఉద్యోగం ఊడితే ఫీజు కట్టలేను, ఫీజు కట్టకపోతే వీసా లేదు. ఆ రాత్రి నిద్ర లేదు. చివరికి రెండు వారాలు అకౌంట్ తీసేసి, ఒక ప్రాజెక్టులో సున్నాతో వదిలారు. ఇప్పుడు కంపెనీలకి ఫైర్‌వాల్ నియమాలు రాసిపెట్టేది నేనే. ఆయన కుర్చీలో నేనుంటే సెమిస్టరంతా తీసేసేవాణ్ణి.

నాన్నకి సంగతి చెబితే తిట్టలేదు. మెయిల్ తెరిచే ఉందిగా, ఎత్తులు అందులో రాసుకుందామన్నారు. వారానికి రెండెత్తులు. నేను డాలర్ షాపులో ప్లాస్టిక్ బోర్డొకటి కొని టేబుల్ మీద పరిచాను. ఆయన మెయిల్లో మొదటి లైను ఎత్తు, "మంత్రి ముందు బంటు, రెండు గళ్ళు" అని. ఆ కింద గడియారం లేదు కదా, మెల్లగా కబుర్లు మొదలయ్యాయి. వీధి మొగలో వేపచెట్టు కొట్టేశారనీ, అమ్మ మోకాలు నొప్పి ఫోన్లో చెప్పినంత తక్కువేం కాదనీ. పుట్టి బుద్ధెరిగాక ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

ఫిబ్రవరిలో ఒక మెయిలొచ్చింది.

"నీ శకటు తీసుకున్నాను. ఇంకో విషయం. కర్నూలు రోడ్డు స్థలం నువ్వు వెళ్ళకముందే అమ్మేశాం. బ్యాంకు లోను కాదు, నీ మొదటి ఏడాది ఫీజు అదే. చెప్పొద్దని మీ అమ్మ. నీకు రాస్తూ ఈ ఒక్కటీ రాయకపోతే దొంగాట ఆడినట్టుంది."

అంతకు ముందు వారమే అమ్మ ఫోన్లో ఆ స్థలానికి కంచె వేయించామంది. ఉద్యోగం రాగానే అక్కడ ఇల్లు కట్టిస్తానని, మేడ మీద గది ఎటువైపు ఉండాలో కూడా నేను ఆవిడకి చెప్పి ఉన్నాను.

జవాబు ఏం రాయాలో తోచలేదు. ల్యాబ్‌లో కూర్చుని నాలుగుసార్లు మొదలెట్టి నాలుగుసార్లూ చెరిపేశాను. చివరికి ఒక ఎత్తు మాత్రం రాసి పంపేశాను. గదికొచ్చి బోర్డు మీద వేసి చూస్తే, మంత్రిని తీసుకెళ్ళి తిన్నగా ఆయన గుర్రం నోట్లో పెట్టాను.

మూడు రోజులకి జవాబొచ్చింది.

"ఈ ఎత్తు నేను లెక్కలోకి తీసుకోలేదు. కంగారు లేదు, నిదానంగా చూసుకుని మళ్ళీ వెయ్యి. ఇక్కడ చలి తగ్గింది. తిన్నావా?"