ఆళ్‌కాట్టి

నాన్నకి యానాం నుంచి పాండిచ్చేరికి బదిలీ అయినప్పుడు నాకు ఏడేళ్ళు. అప్పటికింకా అధికారికంగా పేరు పుదుచ్చేరిగా మారలేదు. లాస్‌పేటలో అద్దె ఇల్లు. పెరటి తలుపు తీస్తే ఇప్పటి విమానాశ్రయం వైపు సాగిపోయే ఎర్రమట్టి మైదానం. అక్కడక్కడా తాటిచెట్లు, మిగతాదంతా గడ్డి. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మామ్మ ఓసారి తొంగిచూసి, "ఇదేం బీడే తల్లీ!" అని తలుపు వేసేసింది.

నేను మాత్రం బడి వదలగానే అక్కడే ఉండేదాన్ని. పరికిణీ అంచుకి గుచ్చుకున్న గడ్డిముళ్ళు ఏరుతూ అమ్మ రోజూ తిట్టేది. ఆవులు అడుగేసినప్పుడల్లా మిడతలు చిటపటా లేచేవి. ఆవుల వీపుల మీద కాచుకున్న ఏట్రింతలు గాల్లోనే అందుకునేవి. ఒక్కోసారి కాళ్ళ దగ్గర్నుంచే పూరేడు పిట్ట బుర్రుమని లేచేది, గుండె ఝల్లుమనేది. వాన పడి వెలిసిన పొద్దున ఎర్రమట్టి మీద అంతకన్నా ఎర్రగా, ముఖమల్ గుండీల్లా ఆరుద్ర పురుగులు.

తీతువు కూస్తే మామ్మ చెవులు మూసుకోమనేది, అరిష్టమని. ఆవులు తోలుకొచ్చే తాత్తాకి ఆ మాట చెబితే పకపకా నవ్వాడు. వాళ్ళ భాషలో దాని పేరు ఆళ్‌కాట్టి. ఆళ్ అంటే మనిషి, కాట్టి అంటే చూపించేది. మనిషి వస్తున్నాడని మైదానమంతటికీ చాటే పిట్ట.

ఓ వేసవి సాయంత్రం ఆయనే నన్ను ఉన్నచోటే ఆపి, నా పాదం ముందుకి వేలు చూపించాడు. గులకరాళ్ళు. చూడగా చూడగా వాటి మధ్య నాలుగు గుడ్లు తేలాయి. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు, నాలుగింటి మొనలూ లోపలికి. ఒక్క పుల్లయినా లేదు, గూడంటే అంతే. దూరంగా వెళ్ళి కూర్చున్నాం. తల్లి ఎక్కడో దిగి, ఆగి ఆగి నడిచి వచ్చింది. పొట్ట ఈకలు తడిసి ఉన్నాయి. అలా తడుపుకొచ్చి ఎండకి కాగిన గుడ్లని చల్లబరుస్తుందని పెద్దయ్యాక చదివాను.

గడ్డి పెరిగే మొన నేలని అంటుకునే ఉంటుంది కాబట్టి ఆవు మేసినా, ఎండకి మాడినా మళ్ళీ చిగురిస్తుంది. పునాది కింద పడితే మాత్రం ఏం చిగురిస్తుంది? మా పెరటి వెనక ప్లాట్ల రాళ్ళు పాతారు. ఖాళీ స్థలమేగా అన్నారు అందరూ. ఆ మాట నాకిప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. ప్రభుత్వ లెక్కల్లోనూ ఇలాంటి నేలలు చాలావరకు బంజరు పద్దులోకే పోతాయి. పాండిచ్చేరి పక్కనే 1968లో మొదలైన ఆరోవిల్‌ వాళ్ళు వానకి కోసుకుపోయిన ఎర్రగుట్టని అడవిగా మార్చారు, ఆ చెమటకి దండం పెడతాను. కానీ చెట్టు లేని నేలంతా పాడైన నేల కాదు. ఊరి పక్కనున్న ఊసుడు చెరువుని 2008లో పక్షుల అభయారణ్యం చేశారు, చాలా సంతోషించాను. మరి గడ్డిలో గుడ్లు పెట్టే పిట్టల సంగతి? మన తెలుగునేల మీద బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్ళపాడు గడ్డినేలని కాపాడాలనుకున్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

పోయినేడు లాస్‌పేట వెళ్ళాను. మా ఇల్లున్న వీధి చివర, మేడల మధ్య ఒకే ఒక్క ప్లాటు ఇంకా గడ్డితో ఉంది. చీకటి పడుతోంది. గోడ దగ్గర నిలబడగానే లోపల్నుంచి ఒక్కసారిగా తీతువు కూత. నన్ను చూసే.