పసుపే కదా, తప్పేముంది?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, గుమ్మడి వడియాలు వస్తాయి. తిరిగి వెళ్ళేటప్పుడు అదే సూట్‌కేసులో మల్టీవిటమిన్లు, చేపనూనె గొట్టాలు, మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు వెళతాయి. ఇది మన అందరి ఇళ్ళలో జరిగేదే.

నేను ఇక్కడ అమెరికాలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. ఇరవై ఏళ్ళ పైమాటే. కౌంటరుకి ఇటువైపు నిలబడితే చిత్రమైన సంగతులు కనిపిస్తాయి. డాక్టరు రాసిన మందుతో పాటు ఇచ్చే కాగితంలో సైడ్ ఎఫెక్ట్స్ చదివి హడలిపోయే మనిషే, పక్క వరసలోంచి నాలుగు సీసాలు తీసి ఒక్క అక్షరం చదవకుండా బుట్టలో వేసుకుంటారు. నిజానికి ఎక్కువ చదవాల్సింది ఆ సీసాల మీదే. 1994లో వచ్చిన సప్లిమెంట్ల చట్టం ప్రకారం వీటిని అమ్మే ముందు ఎఫ్.డి.ఎ. ఆమోదం పొందనక్కర్లేదు. "గుండె ఆరోగ్యానికి తోడ్పడుతుంది" అని రాసుకోవచ్చు, "గుండెజబ్బు నయం చేస్తుంది" అని రాయకూడదు. ఆ మొదటి మాటని కూడా ఎఫ్.డి.ఎ. పరిశీలించలేదని చిన్న అక్షరాల్లో వేయాలి. ఆ చిన్న అక్షరాలు చదవడానికి మనలో చాలామందికి కళ్ళజోడు మార్చాలి.

సీసా మాట అలా ఉంచి, దాన్ని పొగిడే మనిషి సంగతికి వస్తాను. మా ఊరి సంఘం దీపావళి వేడుకల్లో ఆమధ్య చీరల స్టాలుకీ రియల్ ఎస్టేటు స్టాలుకీ మధ్య ఒక పెద్దాయన బల్ల వేసుకుని కూర్చున్నారు. రిటైరైన ఇంజనీరు. బేనరు మీద పేరు కింద "స్వతంత్ర పరిశోధకులు" అని ఉంది. పసుపు సారం, మిరియాల సారం కలిపిన గొట్టాలు అమ్ముతున్నారు. కీళ్ళకి, షుగరుకి, మతిమరుపుకి, అన్నిటికీ అదే. "నేను ఏ కంపెనీ డబ్బూ తీసుకోనమ్మా, అందుకే నిజం చెప్పగలను" అన్నారు. సీసా నలభై డాలర్లు. కంపెనీ డబ్బు ఆయనకి అవసరం లేదన్నది మాత్రం నిజమే!

మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాడు కరపత్రం మొత్తం చదివి, "అంకుల్, ఇది పనిచేయకపోతే ఆ సంగతి మీకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఆయన నవ్వి, "పనిచేయకపోవడం అంటూ ఉండదు నాన్నా. మూడు నెలలు ఓపిగ్గా వాడాలి. అప్పటికీ తగ్గకపోతే డోసు పెంచాలి" అన్నారు. కారెక్కాక మావాడు, "అయితే ఆయన ఎప్పటికీ రైటేనన్నమాట" అని వీడియో గేములో పడిపోయాడు.

పది రోజుల తరవాత స్నేహితురాలి దగ్గర్నుంచి ఫోను. వాళ్ళ అత్తగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకి గుండె లయ తప్పే జబ్బుంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందిట. అరా తీస్తే, దీపావళినాడు రెండు సీసాలు కొన్నారని తేలింది. వెంటనే డాక్టరుకి ఫోను చేయమన్నాను. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐ.ఎన్.ఆర్. అంకె ఆవిడకి 2, 3 మధ్య ఉండాలి. ఆ రోజు 4.6 ఉంది. డాక్టరు సీసా ఆపించి, వార్ఫరిన్ మోతాదు సరిచేసి, వారంలో మళ్ళీ పరీక్ష చేయించారు. అంకె దిగింది.

సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఏవమ్మా, పసుపే కదా, తప్పేముంది? బుద్ధెరిగినప్పట్నుంచీ తింటున్నదేగా. బాలింతలకి కూడా పెడతాం."

"తినండి అత్తయ్యగారూ, పప్పులో వేసుకుని హాయిగా తినండి" అన్నాను. చిటికెడు పసుపు అరగ్రాము అనుకుందాం. అందులో కర్క్యుమిన్ అనే అసలు పదార్థం నూటికి మూడు పాళ్ళకి అటూ ఇటూ, అంటే పదిహేను మిల్లీగ్రాములు. ఆ సీసా మీద రోజుకి 1500 మిల్లీగ్రాములు అని ఉంది. వంద చిటికెలు! "ఏ కోడలైనా పప్పులో వంద చిటికెలు పసుపేస్తే మీరు ఊరుకుంటారా?" అంటే ఆవిడ నవ్వేశారు.

మిరియాల సంగతి ఇంకోటి. మామూలుగా కర్క్యుమిన్ ఒంటికి పెద్దగా పట్టదు, లివరు ఎప్పటికప్పుడు తోసేస్తుంది. మిరియంలోని పైపరిన్ ఆ కాపలాని పక్కకి తప్పిస్తుంది. 2 గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే ఒంటికి పట్టేది 2000 శాతం పెరిగిందని బెంగుళూరు శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించారు. కరపత్రంలో ఇది గొప్పగా వేసుకున్నారు. కానీ అదే కాపలా చాలా మందుల్ని కూడా అదుపులో పెడుతుందని వేయలేదు. పసుపు గొట్టాలు మొదలుపెట్టాక వార్ఫరిన్ వాడే ఒక మనిషికి ఐ.ఎన్.ఆర్. 10 దాటిందని న్యూజిలాండు మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అమెరికాలో పసుపు సప్లిమెంట్లతో లివరు దెబ్బతిన్న 10 మంది గురించి 2022లో డాక్టర్లు రాశారు. వారిలో ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. అత్తయ్యగారికి పసుపు వల్లే అలా అయిందని నేను ఒట్టేసి చెప్పను. ఒక్క మనిషి కథతో అటూ తేలదు, ఇటూ తేలదు. కరపత్రం నిండా మాత్రం ఒక్కొక్క మనిషి కథలే.

"అంత చదువుకున్నాయన అబద్ధం చెప్తాడా?" అని అడిగారు ఆవిడ. అబద్ధం కాదు, ఆయన నమ్మిందే చెబుతున్నారు. ఆ గొట్టాలు ఆయనా వేసుకుంటారు. కానీ చదువు, నమ్మకం చూసి మందు మింగే పనైతే లైనస్ పాలింగ్ కన్నా పెద్ద మనిషి దొరకరు. రెండు నోబెళ్ళు, ఒకటి రసాయనశాస్త్రంలో, ఒకటి శాంతికి, రెండూ ఎవరితోనూ పంచుకోకుండా గెలిచిన మనిషి. 1970లో విటమిన్ సి జలుబుని ఆపుతుందని పుస్తకం రాశారు. 1976లో స్కాట్లండు డాక్టరు ఈవన్ కామెరాన్‌తో కలిసి, కేన్సరు ముదిరిన 100 మందికి విటమిన్ సి ఇస్తే ఎక్కువ కాలం బతికారని ప్రకటించారు. ఎవరికన్నా ఎక్కువ? పాత రికార్డుల్లోంచి ఏరిన 1000 మందికన్నా. ఏరడంలోనే ఉంది చిక్కు. మేయో క్లినిక్ వాళ్ళు చీటీలు వేసినట్టు రోగుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రోజుకి 10 గ్రాముల విటమిన్ సి, రెండో జట్టుకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చారు. 1979లో తేడా లేదు. ఆ రోగులు ముందే కీమో తీసుకున్నారు, అందుకే పనిచేయలేదన్నారు పాలింగ్. సరేనని కీమో తీసుకోనివాళ్ళతో మళ్ళీ చేశారు. 1985లోనూ తేడా లేదు. మందు తొందరగా ఆపేశారు అన్నారాయన. 1994లో పోయేదాకా మనసు మార్చుకోలేదు. ఆయనంటే నాకు గౌరవం తగ్గలేదు గానీ, ఆ జవాబులు మా దీపావళి బల్ల దగ్గర విన్నట్టే ఉంటాయి.

ఇప్పుడు మన భీమవరం ఆయన సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు గారికి మద్రాసులో ఎం.బి.బి.ఎస్. పట్టా కూడా ఇవ్వలేదు. ఖద్దరు కట్టాడని కోపమొచ్చిన ప్రొఫెసరు పుణ్యమా అని దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. తరవాత ఆయన ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. మూలికలంటే చులకన లేని మనిషి. అన్నదమ్ములిద్దరు స్ప్రూ వ్యాధితో పోయారు. ఆ కసితోనే పనిచేశారంటారు. 1945లో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తమ చేతుల్లో పుట్టిన విటమిను, పైగా కంపెనీ సరుకు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ జాతి మందుల్ని రక్తకేన్సరు పిల్లలకి ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా వేగం పుంజుకుంది! డోసు చాల్లేదు, కాలం చాల్లేదు అని ఎవరూ అనలేదు. విటమిను జబ్బుని పెంచుతుంటే దానికి అడ్డుపడేదాన్ని ఇచ్చి చూద్దాం అన్నారు. సుబ్బారావు గారి బృందమే తన విటమినుకి విరోధిని, అమినోప్టెరిన్‌ని, తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లల గురించి రాశారు. పది మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. తాత్కాలికమే అని కూడా ఆయనే రాశారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు.

అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని నేను ఇప్పటికీ వారం వారం కీళ్ళవాతం వాళ్ళకి సీసాల్లో పోసి ఇస్తుంటాను. సైడ్ ఎఫెక్ట్స్ తగ్గడానికి దాంతో పాటు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లమే. రెండు సీసాలూ ఒకే సంచిలో వేసేటప్పుడు, తీసుకునే తెల్లాయనకి మా పశ్చిమగోదావరి కథ చెప్పాలనిపిస్తుంది. వెనక లైను చూసి ఊరుకుంటాను.

ఇక కరపత్రం ఎవరిచ్చినా నేను మావాడి ప్రశ్నే అడుగుతున్నాను. జవాబు దొరికితే అప్పుడు ఎవరు పరీక్షించారు, ఎంతమందిని, ఉత్తుత్తి బిళ్ళతో పోల్చారా అని చూస్తాను. కర్క్యుమిన్ మీద 120కి పైగా ప్రయోగాలు జరిగినా, అలా పకడ్బందీగా పోల్చి చూసినవాటిలో ఒక్కటీ నెగ్గలేదని 2017లో రసాయన శాస్త్రజ్ఞులు సమీక్ష రాశారు. ఇక సీసాలో ఉన్నది లేబులు మీదున్నదేనా అన్నది వేరే బాధ. బోస్టన్ చుట్టుపక్కల మన సరుకుల కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో తేలింది. అవి మనలాంటివాళ్ళం పిల్లలకి కూడా పట్టేవి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళ మందుల జాబితా ఒకటి రాసి పెట్టుకోండి. చూర్ణాలు, లేహ్యాలు, పసుపు గొట్టాలు అన్నీ అందులో రాయండి. సీసాలు సంచిలో వేసుకుని మీ ఫార్మసిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. మేము తిట్టం, డబ్బులూ అడగం. ఆ జాబితా రాసే పని పిల్లలకి అప్పగించండి. లేబులు మీద చిన్న అక్షరాలు వాళ్ళకే బాగా కనిపిస్తాయి.